అల్మాస్‌గూడ దారిలో తొమ్మిది పెయింట్ డబ్బాలు

తూర్పు హైదరాబాద్ గోల్ఫ్ రంగం నుంచి నేను పదవీ విరమణ చేసి మూడేళ్లవుతోంది. ప్రస్తుతం నా వయసు ముప్పై ఒకటి. సన్మానం జరగలేదు, శాలువా కప్పలేదు. కప్పడానికి సాటి ఉద్యోగులెవరూ లేరు. ఆ రంగం మొత్తానికి ఉద్యోగిని నేనొక్కణ్నే. రంగం కూడా పద్నాలుగు నెలలే బతికింది. అయినా అనుభవం అనుభవమే కాబట్టి, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అందులో ఒక్క శనివారం గురించి చెప్పాలనుకుంటున్నాను. నీతి ఏమిటని ముందే అడగకండి. నీతులు చెప్పడమే నా ఉద్యోగంగా ఉండేది. అందుకే వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

డిగ్రీ అయ్యాక అందరిలాగే నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. అందరూ చదువుకోవడానికి చేరతారు, నేను రిసెప్షన్‌లో చేరాను. వచ్చిన తల్లిదండ్రులకు వాళ్ల పిల్లవాడి భవిష్యత్తు గురించి ధైర్యం చెప్పడం నా పని. ఆ పిల్లవాణ్ని అప్పటికి నేను చూసి కూడా ఉండేవాణ్ని కాదు. ఒకరోజు అల్మాస్‌గూడ వైపు నుంచి ఒక పటేలు తన కొడుకును చేర్పించడానికి వచ్చాడు. నేను చెప్పిందంతా విని, కొడుకును చేర్పించకుండా నన్ను అడిగాడు.

"నీ నోరు మంచిగుంది. గోల్ఫ్ ఎర్కేనా?"

"తెల్వదు పటేలా."

"నాకు గూడ తెల్వదు. ఒకటో తారీఖునాడు జాయినవ్."

సంగతేమిటంటే, ఆయనకూ ఆయన తమ్ముడికీ మధ్య నాలుగెకరాల భూమి తగాదాలో ఉంది. కట్టొద్దు, అమ్మొద్దు అంది కోర్టు. గడ్డి పెంచొద్దని అనలేదు. దుబాయ్‌లో ఎవరింటికో వెళ్లినప్పుడు పటేలు గోల్ఫ్ మైదానం చూసి వచ్చాడు. అంత పెద్ద జాగాలో ఏమీ కట్టకుండా మనుషుల్ని రప్పించవచ్చని అక్కడే ఆయనకు తట్టింది.

అలా మా మైదానం వెలిసింది. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కట్టేచోట ఏరుకొచ్చిన తొమ్మిది ఖాళీ పెయింట్ డబ్బాలను భూమిలోకి పాతాం. అవే బంతి పడాల్సిన గుంతలు. ప్రతి డబ్బా పక్కన ఒక కర్ర, కర్రకు జెండా. జెండాలు పటేలు భార్య పాత చీరల్లోంచి కత్తిరించినవి కాబట్టి మూడో డబ్బాకు జరీ అంచు ఉండేది. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు అరవై డెబ్బై అడుగుల దూరం. అసలైన గోల్ఫ్ ఆడేవాళ్లు చూస్తే నవ్వుతారు. చూసినవాళ్లు నవ్వారు కూడా.

నన్ను నగరం అవతలి వైపున్న ఒక నిజమైన మైదానానికి శిక్షణకు పంపారు. నాలుగు రోజులు. అక్కడ ఆటగాళ్ల కర్రల సంచి నలభై ఏళ్లు మోసిన ఒక పెద్దమనిషి నాకు నేర్పాడు. ఆయన నేర్పినదాంట్లో చాలావరకు నా భుజానికి అర్థం కాలేదు. ఒక్క మాట మాత్రం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "బేటా, గీ ఆటల అంపైర్ ఉండడు. నీ దెబ్బలు నువ్వే లెక్కవెట్టుకోవాలె, నువ్వే రాసుకోవాలె. చూసెటోడు లేనప్పుడు గూడ."

సమస్య ఏమిటంటే ఆడటానికి ఎవరూ రాలేదు. ఎల్బీనగర్, వనస్థలిపురం జనానికి ఆదివారం పూట చేయడానికి వేరే పనులున్నాయి. అప్పుడు పటేలే దారి చూపాడు. "ఆట అమ్ముడువోదు. పాఠం అమ్ముడువోతది. కంపెనీలోళ్లకు ఏదన్న లీడర్‌షిప్ అని చెప్పు." ఆ సాయంత్రమే నేను మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వచ్చేలోపు 'గోల్ఫ్ నేర్పే నాయకత్వ సూత్రాలు' రాశాను. దూరం తక్కువ కాబట్టి ఏడే వచ్చాయి. బంతి కదలదు, కదలాల్సింది మీరే అన్నది మొదటిది. ముళ్లపొదలో పడ్డ బంతిని తిట్టకండి అన్నది నాలుగోది. అన్నిటికన్నా పేలింది ఆరోది: 'గోల్ఫ్ మైదానంలో మనిషి దాగడు.' ఇది చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించి, దూరంగా చూసేవాణ్ని. దూరంగా పక్క పొలంవాళ్ల బర్రెలు ఉండేవి.

మొదట్లో వచ్చినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఆట మొదలయ్యే ముందు నేను "తక్కువ దెబ్బల్లో డబ్బాలో వేసినవాళ్లే గెలిచినట్టు" అనగానే వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకునేవారు, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని ఎవరో మైకులో ప్రకటించినట్టు. తెలిసినవాళ్లకు తెలిసిందే చెప్పడం నాకు అవమానంగా తోచింది. నాలుగో బృందం నుంచి ఆ వాక్యం తీసేశాను. ఆ ఖాళీలో ఏడో సూత్రానికి ఒక ఉదాహరణ చేర్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉదాహరణ కూడా ఏమంత బాగాలేదు.

ఇలా ఉండగా దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక ఆఫీసున్న ఒక లిఫ్టుల కంపెనీ యజమాని మా మైదానానికి వచ్చాడు. లిఫ్టులు తయారు చేసే కంపెనీ కాదు. మనవైపు అపార్ట్‌మెంట్లలో ఉన్న లిఫ్టులను నెలనెలా చూసి, నూనె పెట్టి, ఆగిపోతే బాగుచేసే కంపెనీ. ఒకప్పుడు తానే మెకానిక్‌గా సైకిల్ మీద తిరిగి పైకొచ్చిన మనిషి. చేతి గోళ్లలో గ్రీసు ఇంకా పూర్తిగా పోలేదు.

"తమ్మీ, మా దోస్తు సాఫ్ట్‌వేర్‌ల జేస్తడు. ఆయన జెప్పిండు. గోల్ఫ్ ఆడితే మనిషి బయటవడ్తడంట గద, నిజమేనా?"

కాదు సార్, అది పుట్టింది మెట్రోలో అని అక్కడే చెప్పాల్సింది. పక్కన పటేలు ఉన్నాడు. "సెంట్ పర్సెంట్ సార్," అన్నాడు పటేలు.

యజమాని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "హయత్‌నగర్‌ల బ్రాంచి తెరుస్తున్న. మేనేజర్ కావాలె. ఇద్దరున్నరు నా దగ్గర. ఒకామె ఆఫీసుల ఫోన్లు జూస్తది, తొమ్మిదేండ్లాయె. ఒకాయన మెకానిక్‌ల మీద లీడరు, ఆరేండ్లాయె. ఇద్దరు మంచోళ్లే. నాతోని తేల్తలేదు. శనివారం అందరిని తోల్కొస్త. ఆ ఇద్దర్ల ఎవలు గెలిస్తె వాళ్లకే బ్రాంచి."

"గెలిస్తేనా సార్?"

"గెలిస్తేనే. మనిషి దాగడంటివి గద!"

శనివారమే ఎందుకంటే, ఆదివారం ఆ ఫోన్ల ఆమె చర్చికి పోవాలట. అంత చిన్న విషయంలో ఆమెను ఇబ్బంది పెట్టకూడదని ఆయన ఆలోచించాడు. ఆమె తొమ్మిదేళ్ల ఉద్యోగాన్ని మాత్రం పెయింట్ డబ్బాలో వేయడానికి సిద్ధపడ్డాడు. యజమానులు అలాగే ఉంటారు, చిన్నవాటిలో మహా జాగ్రత్త.

శనివారం పొద్దున వ్యాన్ దిగినవాళ్లు తొమ్మిది మంది. యజమాని, ఆ అక్క, మెకానిక్‌ల లీడరు, ఆరుగురు మెకానిక్‌లు. అక్కకు నలభై దాటి ఉంటాయి. కాటన్ చీర, కాళ్లకు కొత్త బూట్లు. ఆట కోసం కొన్నవని చూడగానే తెలుస్తోంది. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుపోతే మెకానిక్ వచ్చేదాకా వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతూ ఉండటం ఆమె పని అని మెకానిక్‌లు చెప్పారు. ఒకసారి ఎవరో ముసలాయన ఇరుక్కుంటే నలభై నిమిషాలు చేపల పులుసు గురించి మాట్లాడిందట. ఆయన బయటికొచ్చాక కూడా ఫోన్ పెట్టలేదట.

మిగతావాళ్లు చాయ్ తాగుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, గీ కట్టె ఎట్ల వట్టుకోవాలె?"

చూపించాను. చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంది. సరిచేశాను. ఈసారి రోకలి పట్టుకున్నట్టు పట్టుకుంది. అదే నయమని వదిలేశాను.

"దీంట్ల గెలిస్తెనే మేనేజరంట గద," అంది కర్ర వంకే చూస్తూ. "తొమ్మిదేండ్లు నేనెత్తిన ఫోన్లు ఎవలు లెక్కవెట్టలే. ఈ బంతిని లెక్కవెడ్తరట."

"ఆటే కదక్కా. సరదాగా ఆడుండ్రి."

"నీకు సరదానే. ఇంతకుముందు ఇద్దరు మేనేజర్లొచ్చిన్రు. ఇద్దరికి పని నేర్పింది నేనే. మూడోటాయనకు నేర్పే ఓపిక లేదు నాకు. ఈపారి రాకుంటె మానేస్తున్న. సరూర్‌నగర్‌ల ఇంటికాడ కుట్టుమిషిన్ ఉన్నది, జాకెట్లు కుట్టుకుంట."

దీనికి ఏ సూత్రం సరిపోతుందా అని మనసులో ఏడూ తిరగేశాను. ఏదీ సరిపోలేదు.

మెకానిక్‌ల లీడరు తెనాలి వైపు నుంచి వచ్చి పదేళ్లుగా ఎల్బీనగర్‌లో ఉంటున్నాడు. చలాకీ మనిషి. నన్ను చూడగానే చేయి కలిపి, "బ్రదర్, నేను కాలేజీలో హాకీ ఆడేవాణ్నండీ. ఇది కూడా కర్రే కదా," అన్నాడు. కర్ర చేతిలోకి తీసుకున్న తీరు చూస్తేనే నాకు అర్థమైంది, ఆ అక్కకు జాకెట్లు తప్పవని.

తర్వాత నా ఉపన్యాసం. నలభై నిమిషాలు. ఏడు సూత్రాలూ చెప్పాను, ఉదాహరణలతో సహా. ఆరోది చెప్పి బర్రెల వైపు చూశాను. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే ఒక మెకానిక్ చేయెత్తి, "అన్నా, టిఫిన్ ఎన్నింటికి?" అన్నాడు. ఆ రోజు అడిగిన ప్రశ్నల్లో అదే సూటిది. 'ఎక్కువ కొట్టినవాడు గెలుస్తాడా, తక్కువ కొట్టినవాడా?' అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. పటేలు అప్పటికే ఉప్మా చల్లారుతోందని సైగ చేస్తున్నాడు.

ప్రతి ఒక్కరికీ ఒక కార్డు ఇచ్చాను. తొమ్మిది గళ్లు, కింద మొత్తానికి ఒక గడి. ఎవరి దెబ్బలు వాళ్లే రాసుకోవాలి. అసలైన గోల్ఫ్‌లో పక్కవాడు కూడా చూసి సంతకం పెడతాడు. మా దగ్గర పెన్నులు తక్కువ ఉన్నందున ఆ పద్ధతి తీసేశాం.

ఆట మొదలైంది. నేను డబ్బా డబ్బాకూ తిరుగుతూ బంతులు వెతికిపెడుతున్నాను. లీడరు నిజంగానే బాగా ఆడుతున్నాడు. జరీ అంచు జెండా దగ్గర నాలుగు దెబ్బల్లో వేసి, కార్డు మీద ఆరు రాయడం చూశాను. తన దెబ్బలు తానే ఎక్కువ రాసుకునే మనిషిని అంతకుముందు చూడలేదు. వినయం అనుకున్నాను. ఎనిమిదో సూత్రంగా పనికొస్తుందేమోనని కూడా అనుకున్నాను.

అక్క తన దెబ్బలు పైకి లెక్కపెట్టేది. "ఒకటీ... రెండూ..." అని మైదానం మొత్తానికీ వినపడేది. నాలుగో డబ్బా దగ్గర ఆమె బంతి ముళ్లపొదలో పడింది. పొద పక్కకు జరపబోతే చేయి తగిలి బంతి కాస్త కదిలింది. నేను తప్ప ఎవరూ చూడలేదు. నేను చూసినట్టు ఆమెకు తెలియదు. "మూడు," అంది ఆమె తనలో తనే, తర్వాత కర్రతో కొట్టి "నాలుగు," అంది.

ఐదో డబ్బా దగ్గర యజమాని ఎనిమిదిసార్లు కొట్టాడు. కార్డు మీద ఐదు వేశాడు. తలెత్తితే నేను ఉన్నాను.

"గాలికి కదిలింది తమ్మీ. గాలిది లెక్కల్లకు రాదు గద?"

ఆ రోజు జెండాల చీరముక్కలు కూడా కదల్లేదు. "రాదు సార్," అన్నాను.

ఏడో డబ్బా దగ్గర ఇద్దరు మెకానిక్‌ల మాటలు నా చెవిన పడ్డాయి.

"నీకెన్ని పడ్డయ్ రా?"

"ఐదు."

"ఐదేందిరా, ఎనిమిదేస్కో. తక్కువుంటె సార్ గరమైతడు."

అక్కడ ఆగిపోయాను. వినయం కాదది. ఆరుగురూ, లీడరుతో కలిపి ఏడుగురూ, పెద్ద అంకె వేసినవాడే గెలుస్తాడనుకుని ఆడుతున్నారు. కాదు, ఆడటం లేదు, కార్డు నింపుతున్నారు. ప్రపంచంలో గోల్ఫ్ పుట్టిన దగ్గర్నుంచి ఆటగాళ్లు దొంగలెక్కలు తక్కువవైపే రాసుకుని ఉంటారు. ఎక్కువవైపు రాసుకుని తమను తామే ఓడించుకున్న మొదటి జట్టును తయారు చేసిన ఘనత నాది.

అప్పుడే ఈల వేసి, అందరినీ పిలిచి, నియమం చెప్పాల్సింది. ఈల నా జేబులోనే ఉంది. కానీ యజమాని అటువైపు నుంచి నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు. పటేలు మజ్జిగ గ్లాసులు వరుసగా పేరుస్తున్నాడు. ఏడో డబ్బా దాకా వచ్చిన ఆటను ఆపి "నేను మరిచిపోయాను" అనడానికి కావలసిన ధైర్యం నా ఏడు సూత్రాల్లో దేనిలోనూ దొరకలేదు. బంతి వెతకడానికి వెళ్లినట్టు పొదల్లోకి వెళ్లాను. అక్కడ బంతేమీ లేదు.

ఆట అయ్యాక రేకుల షెడ్డు కింద యజమాని కార్డులన్నీ తీసుకుని ఒక్కొక్కటే చదివాడు. మెకానిక్‌లవి అరవై మూడు, అరవై ఆరు, అలా పోయి చివరికి ఒకడిది డెబ్బై ఒకటి. డెబ్బై ఒకటి అనగానే మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ పిల్లగాడు లేచి నిలబడి నమస్కారం కూడా పెట్టాడు.

"ఎందుకురా చప్పట్లు?" అన్నాడు యజమాని. "ఎక్కువొచ్చినోడు ఓడినట్టు. మా దోస్తు ముందుగాల్నే చెప్పిండు."

చప్పట్లు కరెంటు పోయినట్టు ఆగిపోయాయి. అందరూ నా వంక చూశారు. నేను మజ్జిగ వంక చూశాను.

లీడరుది యాభై ఎనిమిది. అక్కది నలభై తొమ్మిది. యజమానిది నలభై ఒకటి. "నన్ను విడిచిపెట్టుండ్రి," అన్నాడాయన పెద్దమనసుతో. తర్వాత నా వైపు తిరిగి తల ఊపాడు. "నువ్వన్నది కరెక్టే తమ్మీ. తేలిపాయె. సోమవారం ఆర్డర్ ఇస్త."

అక్క కొత్త బూట్ల లేసు మళ్లీ కట్టుకుంటోంది, కట్టి ఉన్నదాన్నే.

లీడరు నన్ను నీళ్ల డ్రమ్ము వెనక్కి తీసుకెళ్లాడు.

"బ్రదర్, ఒక్క మాట. తక్కువైతే గెలిచినట్టని మీరు ముందు చెప్పలేదు కదా?"

"చెప్పలేదండి."

"నేను కొట్టినవి ముప్పై ఎనిమిదండీ. ఇరవై నేనే కలిపాను."

"ఎందుకు కలిపారు?"

"ఎందుకంటారేంటి! అంకె వెయ్యమంటే పెద్దదే వేస్తాం. ఇంకోలా ఎలా వేస్తాం?" నిజంగానే అర్థంకానట్టు అడిగాడు. "పోన్లెండి, అయిందేదో అయింది. కార్డులు కలిసిపోయాయి, మళ్లీ ఆడించాలి అని మీరు చెప్పండి. పొరపాటు మీదే కదా, న్యాయంగా."

న్యాయంగా పొరపాటు నాదే. చెబితే నా ఉద్యోగం పోవచ్చు, అక్క ఉద్యోగం తప్పకుండా పోతుంది. చెప్పకపోతే అందరికీ మంచే జరుగుతుంది, ఇతనికి తప్ప. నోరు మూసుకుని ఉంటే మంచి జరిగే అవకాశం జీవితంలో అరుదుగా వస్తుంది. దాన్ని ఎలా వదులుకుంటాం? మనస్సాక్షితో పోరాడి చివరికి నిజం చెప్పడానికి నిశ్చయించుకున్నాను అని ఇక్కడ రాయవచ్చు. మీరు నమ్ముతారు కూడా. కానీ అప్పటికి నేను నిశ్చయించుకున్నది ఒక్కటే, ఇంకో గ్లాసు మజ్జిగ తాగుదామని.

షెడ్డు కిందికి వచ్చేసరికి అక్క యజమాని ముందు నిలబడి ఉంది.

"సార్, జర ఇనుండ్రి. నేను గెల్వలే."

"ఏందమ్మా?"

"ఆయన నాకంటె మంచిగాడిండు. మేం ఒక్క గుంపులనే ఉన్నం గద, నేను చూసిన. ఆయనయి ముప్పై ఎనిమిది. నాయి నలభై తొమ్మిది."

"ఆయనయి నువ్వెందుకు లెక్కవెట్టినవ్?"

"తొమ్మిదేండ్ల అలవాటు సార్. ఎవలు ఏడికి పోయిన్రు, ఎన్నింటికి పోయిన్రు... లెక్క నోట్లె నడుస్తనే ఉంటది."

యజమాని లీడరును చూశాడు, లీడరు నన్ను చూశాడు. నా వెనక రేకు గోడ ఉంది. చూడటానికి నాకెవరూ మిగల్లేదు.

"సార్, తప్పు నాది," అన్నాను. "తక్కువొస్తెనే గెలిచినట్టని నేను ఎవ్వరికి చెప్పలే. మరిచిపోయిన."

"నలభై నిమిషాలు మాట్లాడితివి గద?"

"అవ్ సార్. అది తప్ప అన్ని చెప్పిన."

"మరి మనిషి దాగడన్నది?"

"అది మెట్రోల రాసిన సార్. నాకు తోచింది."

పటేలు కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన అనుకున్నాను. తర్వాత తెలిసింది, తిట్లట.

యజమాని నన్ను వదిలేసి లీడరును అడిగాడు. "ముప్పై ఎనిమిది కొట్టి యాభై ఎనిమిది ఎందుకేసినవ్?"

లీడరు తల గోక్కున్నాడు. తప్పించుకుంటాడనుకున్నాను. తప్పించుకోలేదు. "సార్, రోజూ సాయంత్రం ఆఫీసు బోర్డు మీద వేస్తాం కదండీ, ఇవ్వాళ ఎన్ని లిఫ్టులు చూశామని. ఇరవై వేస్తే మీరు ఫోన్ చేస్తారు. ముప్పై వేస్తే చెయ్యరు. ఆరేళ్లయింది సార్. ఇప్పుడు పెన్ను పట్టుకుంటే చెయ్యి దానంతటదే కలిపేస్తోంది."

డెబ్బై ఒకటి రాసుకున్న పిల్లగాడు మెల్లగా, "అవ్ సార్," అన్నాడు. వాణ్ని ఎవరూ అడగలేదు.

ఇలాంటి చోట ఉరుములు, మెరుపులు ఉంటే బాగుంటుంది. "సార్, మజ్జిగల ఉప్పు సరిపోయిందా?" అన్నాడు పటేలు.

యజమాని బల్ల మీద కార్డుల్లోంచి తన కార్డు ఏరి తీశాడు. జేబులోంచి పెన్ను తీసి, నలభై ఒకటి కొట్టేశాడు. కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. యాభై మూడు అని రాశాడు. ఎవరికీ చూపించలేదు, ఎవరికీ చెప్పలేదు. కానీ బల్ల చిన్నది, అందరికీ కనపడింది.

"అమ్మా," అన్నాడు అక్కతో, ఇంకా కార్డు వైపే చూస్తూ. "అసలు దినాం ఎన్ని లిఫ్టులు జూస్తున్నరు మనోళ్లు?"

"అడుగుతున్నరా సార్?"

"అడుగుతున్న."

"పద్దెనిమిది. ఇరవయ్యైతె మంచి దినం."

"మరి ఇన్నేండ్లల్ల నాకెందుకు చెప్పలే?"

"మీరు బోర్డు సదువుకోని పోయెటోళ్లు సార్. మనోళ్లు పోని అపార్ట్‌మెంట్లకెల్లి ఫోన్లు నాకొస్తుండె. వాళ్లను సముదాయించుడు నా పని అనుకున్నరు మీరు. నేను గూడ అట్లనే అనుకున్న." బల్ల మీద కార్డులు ఒకచోటికి చేర్చి, "తప్పు నాది గూడ ఉంది," అంది.

ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడే గొంతు అదే అయి ఉంటుంది. గట్టిగా లేదు, తొందర లేదు. లీడరు ఆమెను చూసి చిన్నగా తల ఊపాడు. తన ముప్పై ఎనిమిదిని తన ప్రత్యర్థే బయటపెట్టిందని అతనికి అప్పటికి అర్థమైనట్టుంది.

"సోమవారం చెప్త," అన్నాడు యజమాని, మళ్లీ. ఈసారి ఎవరికి ఆర్డర్ అనలేదు. వ్యాన్ ఎక్కారు. అక్క ఎక్కబోతూ నా నంబరు తీసుకుంది, భుజం పట్టేస్తే ఏం రాయాలో అడగడానికట.

వ్యాన్ కనుమరుగయ్యాక పటేలు నన్ను పిలిచాడు. నేను సంజాయిషీ సిద్ధం చేసుకున్నాను.

"గొప్పోనివి రా. ఒక్క మాట చెప్పకుండ ఏడు పాఠాలు చెప్పినవ్."

"ఉద్యోగం ఉందా పోయిందా పటేలా?"

"నిన్ను తీసేస్తె గడ్డికి నీళ్లెవలు వెడ్తరు? పో, డబ్బాలల్ల బంతులు తీసెయ్యి."

తర్వాతి బృందం నుంచి నేను ఆరో సూత్రం తీసేశాను. ఆట నియమం మొదట చెప్పడం మొదలుపెట్టాను. తెలిసినవాళ్లు నవ్వితే నవ్వనిచ్చాను. కార్డు మీద పక్కవాడి సంతకం కూడా పెట్టించాను, ఒక డజను పెన్నులు కొని. ఆ తర్వాత అన్నదమ్ములు రాజీపడ్డారు, భూమి ప్లాట్లయింది, నేను రిటైరయ్యాను. మనిషి గోల్ఫ్‌లో బయటపడతాడా అంటే ఇప్పటికీ నాకు తెలియదు. ఏ అంకె చూస్తే పెద్దాయనకు కోపం రాదో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. అది బయటపెట్టడానికి గోల్ఫే అక్కర్లేదు, క్యారమ్స్ బోర్డు కూడా చాలు. కానీ క్యారమ్స్‌కు ఎవరూ వ్యాన్ మాట్లాడుకుని రారు.

మీరు ఏ ఆఫీసులో చేరినా మొదటి వారం ఒక పని చేయండి. గోడ మీద బోర్డులో ఏముందో చూడండి, తర్వాత ఫోన్లు ఎత్తే మనిషి దగ్గర కూర్చుని చాయ్ తాగండి. రెండూ కలవకపోతే ఆశ్చర్యపోకండి. మీ చేతికి పెన్ను ఇచ్చినప్పుడు మాత్రం ఒకసారి ఆగండి. నేను ఆగలేదు కాబట్టి చెబుతున్నాను.

ఆ సోమవారం సాయంత్రం ఏడింటికి అక్క ఫోన్ చేసింది.

"భుజం నొస్తుందా అక్కా?"

"నొస్తలేదు. ఇచ్చిండు తమ్మీ."

నా నోరు మంచిదని ఉద్యోగమిచ్చినవాళ్లున్నారు. "మంచిదక్కా," అన్నాను.

"పొద్దుగాల లీడరొచ్చి 'మేడమ్' అన్నడు. నేను నవ్విన. ఆయన గూడ నవ్విండు. ఫీల్డ్ పని ఆయనదే, నాకు రాదని చెప్పిన."

"మరి బోర్డు?"

"బోర్డు మీద ఇయ్యాల పదిహేడు రాపిచ్చిన. పోరగాండ్లు భయపడ్డరు, నేనే రాస్తనని చాక్‌పీస్ తీస్కున్న. సార్ ఒచ్చి జూసిండు. జేబులకెల్లి ఫోన్ తీసిండు తమ్మీ."

"ఎవరికి చేసిండు?"

"ఎవలకు జెయ్యలే. బోర్డు దిక్కు జూసుకుంట జరసేపు అట్లనే నిలవడ్డడు. మల్ల ఫోన్ జేబుల వెట్టుకోని, 'పద్దెనిమిదిల ఆ ఒక్కటి ఎందుకు తప్పింది?' అని నన్నడిగిండు."

"ఏం చెప్పినవ్?"

"కూసోండ్రి సార్, చెప్త అన్న. కూసున్నడు."